కుడివైపు మూడు చుట్లు

కారు ఇంజిన్‌ను తిప్పే బోల్టు సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. సుగుమారన్ పొడుగు స్పానర్‌ను రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఇంకొంచెం నొక్కి చూశాడు. కదల్లేదు. లోపల ఇనుముకు ఇనుము ఆనినట్టు గట్టిగా నిలిచిపోయింది. అతను వెంటనే చేతులు తీసేసి వెనక్కి జరిగాడు.

"ఏటైందిరా?" అన్నాడు వెంకటసామి. ఇంటి ముందు కారు నిలిపే రేకుల నీడలో, ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని పొద్దుటి నుంచీ పని చూస్తున్నాడు.

"బిగుసుకుంది మావా. తిరగట్లేదు."

"పొద్దున్న తిరిగింది గదా?"

"తిరిగింది."

"నువ్వు బెల్టు మార్చకముందు తిరిగింది. నువ్వు సెయ్యి పెట్టినాక తిరగట్లేదు. అంతేనా?"

సుగుమారన్ నుదుటి చెమటను భుజంతో తుడుచుకున్నాడు. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రత్నావతి అక్కడే ఆగిపోయింది. భర్త గొంతులో ఆ వెటకారం ఆమెకు బాగా తెలుసు. ముందు వెటకారం వస్తుంది, దాని వెనకే కేకలు వస్తాయి.

సుగుమారన్ వెంకటసామి చెల్లెలు పోలమ్మ కొడుకు. పోలమ్మ బాగన్ దాతుక్ అనే ఊళ్ళో ఉంటుంది. కొడుకు మాత్రం చిన్నప్పుడే ఇపో పట్నం వచ్చి ఒకరి దగ్గర కార్ల పని నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళూ ఇంకొకరి కొట్టులోనే ఒళ్ళు వంచాడు. ఇప్పుడు మామ ఊరు సుంగై సిపుట్‌లో సొంతంగా చిన్న బెంకెల్, అంటే కార్లు బాగుచేసే కొట్టు, పెట్టుకోవాలని ఆశ. దానికి రోడ్డు పక్కన చోటు కావాలి. రామమందిరానికి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. పాత కుర్చీలు, పందిరి కర్రలు పడేసి ఉంచారు. దాన్ని అద్దెకిద్దామని మందిరం కమిటీ అనుకుంటోంది. పూలు అమ్మే ఒకాయన కూడా అడుగుతున్నాడు. ఇవాళ, ఆదివారం సాయంత్రం భజన అయ్యాక ఎవరికిచ్చేదీ తేలుస్తారు.

వెంకటసామి కమిటీకి సెక్రెటరీ. ముందుపడి మేనల్లుడి కోసం మాట్లాడినది ఆయనే. పోయిన భజనలో అందరూ వింటుండగా, "వాడి సెయ్యి మంచిది. నా కారే వాడి సేతికిస్తన్నాను సూడండి" అన్నాడు. ఆ కారు పాతికేళ్ళ కిందటి జపాన్ కారు. దాన్ని ఆయన కొడుకులా చూసుకుంటాడు. ఈ సాయంత్రం కొత్త బెల్టుతో ఆ కారులోనే మందిరానికి వెళ్ళి, అందరి కళ్ళ ముందు దిగాలని ఆయన అనుకున్నాడు. సుగుమారన్ కూడా అదే అనుకున్నాడు. ఆ షెడ్డు తాళం ఈ కారు ఇంజిన్‌లోనే ఉందని ముగ్గురికీ తెలుసు.

"గేరులో ఉందేమోరా?" అంది రత్నావతి, కాఫీ ఇస్తూ.

"నేదత్తా. ఫ్రీలోనే ఉంది. సూసినాను." అయినా అతను లోపలికి వంగి గేరు కర్ర ఇటూ అటూ ఊపి చూశాడు. ఫ్రీలోనే ఉంది.

"గాలి ఒత్తిడి అయినా గట్టిగానే ఉంటాది ఒక్కోసారి," అన్నాడు తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "అది అయితే మెత్తగా తోస్తాది, కాసేపటికి వదులుద్ది. ఇది అలాగ లేదు."

అతను నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. ఇప్పుడు లోపలి గాలి ఆ రంధ్రాల్లోంచి బయటకు పోతుంది. గాలి వల్ల బిగిసిందైతే ఇంజిన్ ఒంటి చేత్తో తిరగాలి. మళ్ళీ స్పానర్ పెట్టాడు. సగం చుట్టు తేలిగ్గా వచ్చింది. మళ్ళీ అక్కడే, అదే చోట, గోడకు తగిలినట్టు ఆగింది.

"గాలి కాదు," అన్నాడు.

"మరేటి? దెయ్యమా?"

"ఉండు మావా. సూడనీ."

"సూడు, సూడు. పొద్దుటి నుంచీ సూస్తన్నావు. రాహుకాలం రాకముందే స్టార్ట్ సెయ్యాలని సెప్పినాను. ఇంకేటి, అదీ దగ్గిరికొచ్చీసింది."

సుగుమారన్ మిగతా చిన్న బెల్టులు చూశాడు. అవి ఇంకా వెయ్యనే లేదు, పక్కన పడి ఉన్నాయి. నీళ్ళ పంపు చేత్తో తిప్పాడు. చక్కగా తిరిగింది. ఏదైనా చిన్న బోల్టు జారి లోపల పడిందేమోనని టార్చి వేసి వెతికాడు. తన డబ్బాలో బోల్టులన్నీ ఉన్నాయి.

వెంకటసామి లేచి పెరట్లోకి వెళ్ళి ఒక ఇనప గొట్టం తెచ్చాడు. పాత పందిరిది. "ఇది తొడుగు ఆ పిడికి. పొడుగైతే బలవొస్తాది. నాను ఒక పక్క పడతాను, నువ్వొక పక్క పట్టు."

"వద్దు మావా."

"ఏటి వద్దు? తిన్నదేటైంది నీకు? మీ అత్త సేపల పులుసు రెండుసార్లు ఏయించుకున్నావు గదా!"

"బలవంతం సేస్తే లోపల వాల్వులు ఒంగిపోతాయి. అప్పుడు ఇంజిన్ మొత్తం దించాల."

"నాకు నేర్పుతావేటి? నువ్వు పుట్టకముందు నుంచీ నాను బళ్ళు తోల్తన్నాను."

"తోలడం వేరు మావా, ఇప్పడం వేరు."

ఆ మాట తప్పేమీ కాదు. సుగుమారన్ గొంతులో పొగరు కూడా లేదు. కానీ వెంకటసామి మొహం ఎర్రబడింది. గొట్టాన్ని సిమెంటు మీద పడేశాడు. ఆ చప్పుడుకు ఎదురింటి కుక్క మొరిగింది.

"తాళం ఇలాగ తే. నానే స్టార్ట్ సేస్తాను. స్టార్టర్ కొడితే అదే తిరుగుద్ది, దాని బాబు తిరుగుద్ది."

"మావా, దండం పెడతాను, స్టార్టర్ కొట్టకు. సేత్తో అయితే ఆగింది. స్టార్టర్ ఆగదు, ఇరగ్గొట్టీద్ది!"

తాళం గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. వెంకటసామి అటు కదిలేలోగా రత్నావతి దాన్ని తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"ఇయ్యే," అన్నాడు ఆయన.

"ఆడు వద్దంటన్నాడు గదా."

"కారు నాదా, ఆడిదా?"

"మీదే. అందుకే ఇయ్యను."

ఆయన భార్యను చూశాడు, మేనల్లుణ్ణి చూశాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. మందిరం ప్రెసిడెంటు రెంగసామికి చేస్తున్నాడని రత్నావతికి అర్థమైంది.

"ఏటి, రెంగసామీ? నానే. మా గుంటడి సంగతి ఒకటి. ఆ షెడ్డు... ఆపీండి. ఆఁ, పూలాయనకే ఇచ్చీండి. ఏటి సెయ్యమంటావు, నా కారే పాడుసేసీసినాడు. ఇంజిన్ బిగుసుకుపోయింది. నాను నమ్మి ఇచ్చినాను, నా నెత్తి మీద కొట్టినాడు. రేపు ఊళ్ళో వాళ్ళ బళ్ళన్నీ పాడుసేస్తే మందిరానికి మాటొస్తాది గదా. అవున్లా. సరి, సరి."

సుగుమారన్ అక్కడే నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు. చేతిలో గుడ్డను మెలిపెట్టి మెలిపెట్టి వదిలాడు. తిరిగి కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడే బిగించిన బెల్టు మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పసాగాడు.

రత్నావతికి ఒళ్ళంతా వేడెక్కింది. ఇంత తొందరా? ఇంకా రోగమేమిటో తెలియకుండానే మనిషిని పాతిపెట్టేయడమా? కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఇది చూస్తూనే ఉంది. మంచి జరిగితే దేవుడు చేశాడంటాడు. చెడు జరిగితే దగ్గరలో ఉన్న మనిషి చేశాడంటాడు. ఈయన మాత్రం ఎప్పుడూ ఏమీ చెయ్యడు. ఆమెకూ దేవుడంటే భక్తి ఉంది. పొద్దున్నే స్నానం చేసి దీపం వెలిగించకుండా పచ్చి మంచినీళ్ళు తాగదు. కానీ దేవుణ్ణి ఈ విధంగా అడ్డం పెట్టుకోవడం ఏ భక్తిలో చెప్పారో ఆమెకు తెలియదు.

మూత ఊడింది. సుగుమారన్ టార్చి పట్టుకుని పైచక్రం చూశాడు, కింది చక్రం చూశాడు. మళ్ళీ పైది చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఏటిరా?" అంది రత్నావతి.

"గుర్తులు తప్పినాయత్తా. పైచక్రం గుర్తు సరిగ్గా ఉంటే, కింది చక్రం గుర్తు కొన్ని పళ్ళు దాటిపోయింది. రెండూ కలిసి తిరగాల. ఇప్పుడు వాల్వులు కిందికి దిగే ఏళకి పిస్టన్లు పైకొచ్చీస్తన్నాయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటన్నాయి. అందుకే ఆగిపోతంది."

"అద్గదీ!" అన్నాడు వెంకటసామి తొడ మీద చరుచుకుని. "నువ్వు గుర్తులు సరిగ్గా పెట్టనేదు. నీ నోటితో నువ్వే సెప్పినావు."

"పెట్టినాను మావా. ఈ కళ్ళతో సూసినాను. అన్నానికి లేవకముందు తిప్పి కూడా సూసినాను. బొంగరంలా తిరిగింది."

"అయితే బెల్టుకి కాళ్ళొచ్చి నడిసిందా?"

సుగుమారన్ టార్చి మళ్ళీ గుర్తుల మీదికి తిప్పాడు. అతని కళ్ళలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. నిజంగానే నేను చూశానా, చూశాననుకున్నానా అని తనను తానే ప్రశ్నించుకుంటున్నట్టు ఉన్నాడు. రత్నావతి ఆ చూపు చూసింది. తిట్లు మనిషిని ఏమీ చెయ్యవు. ఈ అనుమానం మాత్రం చేతులు పడగొట్టేస్తుంది. అన్నానికి ముందు... అన్నానికి లేచినప్పుడు వీడేమన్నాడు?

ఆమెకు గుర్తొచ్చింది. "అత్తా, ఒక్క బోల్టు బిగించాలి, అది తిన్నాక బిగిస్తాను" అన్నాడు. వెంకటసామే తొందరపెట్టాడు, ముందు తినెయ్ తినెయ్ అని. "మావా, దేన్నీ ముట్టకు" అని చెప్పి చేతులు కడుక్కున్నాడు. అతనికి వడ్డించి ఆమె కూర్చోబోతుండగా, బయట నుంచి భర్త పిలిచాడు. "ఏమే, కర్పూరం పళ్ళెం తే."

అది ఈ ఇంటి ఆనవాయితీ. వెంకటసామి తండ్రి పేరు అప్పడు. ఆయన రబ్బరు ఎస్టేటులో, రబ్బరు పాలు గడ్డకట్టాక దాన్ని పలకలుగా నొక్కే రోలరు తిప్పేవాడు. రోలరులో చేతులు నలిగినవాళ్ళు చాలామంది ఉండేవారట. అప్పడు ఆయుధపూజకీ, రోలరు బాగుచేసిన ప్రతిసారీ కర్పూరం వెలిగించి, దాని చక్రాన్ని కుడివైపుకు మూడు చుట్లు తిప్పి, ఆ తర్వాతే పనిలోకి దిగేవాడు. ఆయన ఉన్నంతకాలం ఒక్క చెయ్యి కూడా నలగలేదంటారు. ఆ మాట మీద ఈ ఇంట్లో సైకిలు చక్రం నుంచి పిండి రుబ్బే గ్రైండరు దాకా అన్నిటికీ మూడు చుట్లు పడ్డాయి. ఒకసారి రత్నావతి కుట్టుమిషను చక్రాన్ని కూడా వెంకటసామి తన లెక్కలో కుడివైపుకు తిప్పాడు. దారమంతా కింద చిక్కుపడి, సూది విరిగింది. ఆమె ఏమీ అనకుండా ఒక పూటంతా కూర్చుని చిక్కు తీసుకుంది.

ఈ మధ్యాహ్నం కూడా అదే జరిగింది. ఆయన ఇంజిన్‌కు కుంకుమ పెట్టాడు. ఆమె కర్పూరం పళ్ళెం పట్టుకుంది. బోల్టు మీద ఉన్న స్పానర్‌తో ఆయన రామనామం చెబుతూ మూడు చుట్లు తిప్పాడు. మూడో చుట్టు చివర లోపల టకటకమంది. "విన్నావా, దేవుడు పలికినాడు" అన్నాడు ఆయన సంతోషంగా. ఆమె కళ్ళకు అద్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నం తిని వచ్చిన సుగుమారన్ గుర్తులు మళ్ళీ చూడకుండానే ఆ బోల్టు బిగించి, మూత వేసేశాడు.

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఒరే సుగుమా, ఈ ఇంజిన్ ఏ పక్కకి తిరుగుద్ది?"

"ఏటత్తా?"

"కుడేపా, ఎడమేపా?"

"శానా బళ్ళు కుడేపే తిరుగుతాయి. ఈ పాత రకం మటుకు ఎడమేపు. ఎందుకు?"

"కుడేపు తిప్పితే ఏటౌద్ది?"

"బెల్టుని బిగపట్టే చక్రం ఒకటుంటాది, స్ప్రింగుతోటి. దాని బోల్టు బిగించీసినాక అయితే అంత భయం నేదు. బిగించకుండా ఎనక్కి తిప్పితే స్ప్రింగు వదులైపోద్ది, బెల్టు పళ్ళు దాటీ..."

అతను ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి ఇంజిన్ మీద ఎర్రగా మెరుస్తున్న కుంకుమ బొట్టును చూశాడు. తర్వాత మామను చూశాడు.

వెంకటసామి రోడ్డు మీద పోతున్న మోటారు సైకిల్‌ను చూస్తున్నాడు.

"ఏవండీ," అంది రత్నావతి. "సెప్పండి."

"ఏటి సెప్పమంటావు?"

"ఆడు అన్నం తింటా ఉంటే మీరేటి సేసినారో సెప్పండి."

"పూజ సేసినాను. తప్పా? నా బండికి నాను పూజ సేసుకోకూడదా?"

"తిప్పినావా మావా?" సుగుమారన్ లేచి నిలబడ్డాడు.

"మూడే చుట్లు. దేవుడి పేరు మీద..."

"ముట్టకు అని సెప్పినాను గదా! సెప్పినానా, నేదా?"

"అది ముట్టడం కాదురా, పూజ!"

"ఇంత సేపూ నోరు మూసుకుని కూసున్నావు! నాను ప్లగ్గులు ఇప్పినాను, పంపు సూసినాను, బోల్టు పోయిందేమోనని దేవులాడినాను. నువ్వు కుర్సీలో కూకుని నా తిండి లెక్కపెట్టినావు! ఫోన్ కూడా సేసీసినావు!" అతని గొంతు పగిలింది. చేతిలో స్పానర్‌ను సిమెంటు మీదికి విసిరాడు. "నాకొద్దు నీ కారు. నాకొద్దు ఆ షెడ్డు. ఇపోలో ఆ తౌకే బూతులే నయం. ఆడు సేసిన తప్పు ఆడిదే అంటాడు."

తౌకే అంటే అతని యజమాని. వెంకటసామి కుర్చీలోంచి లేచాడు. "సూసినావా, ఎలాగ మాటాడతన్నాడో! పెద్దా సిన్నా నేదు. కుడేపు తిరగని యంత్రం ఉంటాదా లోకంలో? గుడి సుట్టూ ఎటు తిరుగుతారు? తిరగలి ఎటు తిరుగుద్ది? గడియారం ఎటు తిరుగుద్ది? ఎడమేపు తిరిగేది రాక్షసుల బండి. ఆ మాట నాకు ముందే సెప్పాల్సింది ఆడు."

"పాతికేళ్ళ నుంచి ఆ రాక్షసుల బండిలోనే మందిరానికి ఎల్తన్నాం," అంది రత్నావతి. "గుడి సుట్టూ కుడేపు తిరిగేది మద్దిలో దేవుడున్నాడని. ఈ ఇంజిన్ మద్దిలో ఎవలున్నారు? దాన్ని సేసినోడు ఎటు తిరగమన్నాడో అటు తిరుగుద్ది. దానికి మీ మొక్కు తెలస్తాదా?"

"దేవుడి మాట నాకు నువ్వు సెప్తావేటే?"

"నాను దేవుణ్ణి అంటం నేదు. మిమ్మల్ని అంటన్నాను. దేవుడి పేరు మీద తిప్పినారు. తప్పు మటుకు ఆ గుంటడి పేరు మీద ఏసినారు. అది ఏ పూజ?"

భార్య ఇంత గట్టిగా, వీధిలోకి వినబడేలా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. ఆమెకూ లేదు. పిడికిట్లో తాళం ఆమె అరచేతిలోకి గుచ్చుకుంది. అయినా ఆమె తగ్గలేదు. వంగి, సుగుమారన్ విసిరిన స్పానర్‌ను తీసి అతని చేతిలో పెట్టింది.

"కారు మీ మావది అనుకుంటే ఒగ్గీయ్. నువ్వు మొదలెట్టిన పని అనుకుంటే సేయ్. వాల్వులు పాడైనాయా?"

అతను స్పానర్‌కు అంటిన మట్టిని గుడ్డతో తుడిచాడు. "సేత్తో ఆపీసినాను గాబట్టి పాడవనేదనుకుంటాను. ఆ గొట్టం తొడిగుంటే పాడైపోయేవి."

"అయితే సేయ్."

వెంకటసామి లోపలికి వెళ్ళిపోయాడు. టీవీ పెద్దగా పెట్టిన చప్పుడు వినిపించింది.

సుగుమారన్ పళ్ళు బిగబట్టి పని చేశాడు. బెల్టును బిగపట్టే చక్రాన్ని వదులు చేసి, బెల్టు తీశాడు. కిందిచక్రాన్ని జాగ్రత్తగా గుర్తుకు తెచ్చాడు. పైచక్రాన్ని దాని గుర్తుకు పెట్టాడు. బెల్టు మీద పళ్ళు నలిగాయేమోనని వేలితో తడుముతూ మొత్తం చూసుకున్నాడు. తిరిగి ఎక్కించి, ఎడమవైపుకు మెల్లగా, ఆగి ఆగి తిప్పాడు. ఇంతకు ముందు ఆగిన చోటు దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు. రత్నావతీ బిగబట్టింది. స్పానర్ ఆ చోటు దాటిపోయింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. రెండు గుర్తులూ వాటి చోటికి వచ్చి నిలిచాయి. అప్పుడు ఆ చివరి బోల్టు బిగించాడు. మూత వేశాడు, ప్లగ్గులు పెట్టాడు, చిన్న బెల్టులు వేశాడు.

ఈలోగా వాన వచ్చి వెలిసింది. రాహుకాలం వచ్చిందో పోయిందో ఎవరూ క్యాలెండరు చూడలేదు. ఆమె తాళం ఇచ్చింది. ఇంజిన్ మొదటిసారికే అందుకుంది. సుగుమారన్ తల వంచి చెవి పెట్టి విన్నాడు. టకటకలు లేవు. సాఫుగా తిరుగుతోంది. అతను నవ్వలేదు. ఒళ్ళు తుడుచుకున్నాడు, అంతే.

చప్పుడు విని వెంకటసామి బయటకు వచ్చాడు. మందిరానికి వెళ్ళే తెల్ల చొక్కా వేసుకుని, నుదుట నామం దిద్దుకుని ఉన్నాడు. మొహం విప్పారింది. "సూసినారా? పూజ ఊరికే పోద్దా? అంత గుద్దుకున్నా ఒక్క వాల్వు ఒంగనేదంటే ఎవరి దయ?"

సుగుమారన్ పనిముట్లు డబ్బాలో వేసుకుంటున్నాడు, తలెత్తలేదు.

"రెంగసామికి ఫోన్ సెయ్యండి," అంది రత్నావతి.

"ఏటని?"

"జరిగింది జరిగినట్టు."

"రేపు సెప్తాన్లే."

"తేల్చేది ఈ సాయంత్రం. రేపు సెప్తే పూలాయన షెడ్డులో దండలు కట్టుకుంటా ఉంటాడు."

"ఒక సెక్రెటరీ అన్నోడు పొద్దున్నొక మాట, సాయంత్రం ఒక మాట సెప్తే ఏటనుకుంటారు? ఇంకో షెడ్డు సూద్దాం. ఊళ్ళో షెడ్లే నేవా?" ఆయన గొంతు తగ్గించాడు. "నలుగుర్లో నన్ను ఎర్రోణ్ణి సెయ్యమంటావేటే?"

"ఆణ్ణి సేసినారు గదా నలుగుర్లో."

ఆయన చేతి గడియారం సర్దుకున్నాడు. అంటే ఇక అయిపోయిందని. ఆమెకు ఆ సర్దుకోవడం కూడా తెలుసు. ఇన్నేళ్ళూ అక్కడితో మాట ఆగిపోయేది.

ఆమె చెప్పులు వేసుకుంది. కట్టుకున్న చీర నూనె మరకలతో ఉంది, మార్చుకోలేదు. కారు ముందు తలుపు తీసి కూర్చుంది. "ఎక్కరా సుగుమా. మందిరానికి పోనీ."

"ఏమే! నానూ రావాల గదా!"

"ఫోన్ సెయ్యండి, దిగుతాను."

ఆయన ఫోన్ తియ్యలేదు. సుగుమారన్ ఒకసారి మామను, ఒకసారి అత్తను చూసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కారు గేటు దాటింది.

దారిలో సుగుమారన్ అన్నాడు, "వద్దత్తా. ఇంట్లో గొడవౌద్ది."

"అయిందిగా. ఇంకేటౌద్ది? తోలు."

భజన ముగిసి హారతి ఇచ్చారు. ఆడవాళ్ళు ప్రసాదం పంచుతున్నారు. కమిటీ మగవాళ్ళు పక్క గదిలో కూర్చున్నారు. రత్నావతి ముందు రాముడికి దండం పెట్టుకుంది. ఏ కోరికా కోరలేదు. కోపంగా ఉన్నాను, మన్నించు, అని మాత్రం అనుకుంది. తర్వాత ఎన్నడూ అడుగుపెట్టని ఆ గదిలోకి వెళ్ళింది.

రెంగసామి ముక్కు మీది కళ్ళజోడు పైకి జరిపాడు. "ఏటమ్మా? వెంకటసామి రానేదా?"

"ఆయన మీకు ఫోన్లో సెప్పింది తప్పు బాబూ. కారు పాడవనేదు. బయట ఉంది, ఎల్లి సూసుకోండి. ఇంజిన్ బిగిసింది సుగుమారన్ వల్ల కాదు."

"మరి?"

"ఆడు బోల్టు బిగించకుండా అన్నానికి లేస్తే, మా ఆయన పూజ సేసి ఎనక్కి తిప్పీసినారు."

గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రెంగసామి నవ్వలేదు. "నువ్వు సెప్తే కాదనం. కానీ సెక్రెటరీ మాట గదా, ఆయన నోటితోనే రావాల."

బయట మోటారు సైకిల్ ఆగింది. ఎదురింటి వాళ్ళ బండి వెనక కూర్చుని వెంకటసామి వచ్చాడు. తడి రోడ్డు మీద బురద చిమ్మి, తెల్ల చొక్కా వీపు మీద చుక్కలు పడ్డాయి. గుమ్మంలో నిలబడి భార్యను చూశాడు. ఆ చూపులో అగ్గి ఉంది. ఆమె కళ్ళు దించలేదు.

"ఏటి, వెంకటసామీ?" అన్నాడు రెంగసామి. "ఈయమ్మ సెప్పింది నిజవేనా?"

గదిలోని మనుషులంతా ఆయన వైపు తిరిగారు. వాళ్ళ ముందే ఆయన ఎన్నోసార్లు లెక్కలు చదివాడు, ఎన్నోసార్లు గొంతు పెంచాడు. సుగుమారన్ గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఇక భార్య మాట, మేనల్లుడి మాట ఎవరూ వినరు. అది వెంకటసామికీ తెలుసు. ఆయన గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు.

"నిజవే," అన్నాడు చివరికి, ఎవరినో తిడుతున్నట్టు. "నానే తిప్పినాను. మా నాయన తిప్పేవోడు, నానూ తిప్పినాను. అది ఎడమేపు తిరిగే బండని నాకు తెల్దు. షెడ్డు తాళం ఆడికిచ్చీండి. సాలా? ఇంకేటైనా సెప్పాలా?"

"సాలు లా," అన్నాడు రెంగసామి. సొరుగులోంచి తాళం తీసి సుగుమారన్‌కు ఇచ్చాడు. "ముందు ఆ కుర్చీలన్నీ ఎనక గదిలోకి సర్దు. పూలాయనకి నాను సెప్పుకుంటాను."

సుగుమారన్ రెండు చేతులా తాళం అందుకుని, రెంగసామికి దండం పెట్టాడు. మామ వైపు తిరగలేదు.

షెడ్డు తలుపు తుప్పు పట్టి ఉంది. భుజంతో నెడితే తెరుచుకుంది. లోపల ఎలుకల వాసన, పాత నూనె వాసన. సుగుమారన్ ఫోన్ లైటు వేసి, కారు ఇక్కడ నిలిపితే తలుపు మూసుకుంటుందా లేదా అని అడుగులు వేసి కొలుచుకుంటున్నాడు. రత్నావతి ఒక విరిగిన కుర్చీని గోడ వైపు జరిపింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని ఆమెకూ లేదు. ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందో కూడా ఆలోచించలేదు.

కాసేపటికి గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడైంది. వెంకటసామి లోపలికి రాలేదు. పైకప్పు చూస్తున్నాడు.

"ఆ మూల వాన కారుద్ది. రేకు మార్చాల," అన్నాడు.

రత్నావతి కుర్చీ జరపడం ఆపలేదు. "నాకెందుకు సెప్తన్నారు? కొట్టు ఆడిది. ఆడికి సెప్పండి."

బయట ఎవరో ఆయన్ను ప్రసాదానికి పిలిచారు. వెళ్ళలేదు.

"ఒరే సుగుమా. ఆ మూల రేకు మార్చాల."

సుగుమారన్ లైటు ఆ మూలకు తిప్పాడు. రేకు మీద తడి మరక నల్లగా పాకి ఉంది.

"సూసినాను," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. మళ్ళీ అడుగులు కొలవడంలో పడ్డాడు.